అరగ్రాము దీవులు

కడపలో డయాలిసిస్ వార్డు నర్సు శ్రావణికి ఎక్కడో పసిఫిక్ సముద్రంలో ఉండే దీవుల బంగారు నాణేలు కూడబెట్టే అలవాటు ఎట్లా పట్టుకుందని అడిగినవాళ్లు చాలా తక్కువ. అడిగినవాళ్లకు ఆమె సోమన్న పేరు చెప్పేది.

సోమన్నది ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లె. వయసులో ఉన్నప్పుడు ఇంట్లో పోట్లాడి మద్రాసు రైలెక్కి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి సరుకు ఓడల్లో వంటవాడుగా కుదిరాడు. బతుకులో మంచికాలమంతా నీళ్ల మీదే గడిచింది. ఊరికి తిరిగొచ్చేసరికి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు వార్డుకు వచ్చేవాడు. కిటికీ పక్క మంచమే కావాలని అడిగి, చేతికి సూదులు పెట్టించుకుని, మిషను తిరిగినంతసేపూ పడుకునేవాడు. తక్కిన రోగులు కళ్లు మూసుకునేవాళ్లు, లేదంటే ఫోన్లు చూసుకునేవాళ్లు. సోమన్న మాట్లాడేవాడు.

ఒక వేసవిలో ఆసుపత్రి బోరు ఎండిపోయింది. మిషన్లకు శుద్ధి చేసిన నీళ్లు కావాలి గనక అంతా ట్యాంకర్ల మీదే నడుస్తోంది. ఒకరోజు ట్యాంకరు రాలేదు. రోగులు మంచాల మీద కూర్చుని వాకిలివైపు చూస్తున్నారు. శ్రావణి అప్పటికే నాలుగుసార్లు ట్యాంకరు డ్రైవరుకు ఫోన్ చేసి, విసిగి, సోమన్న మంచం పక్కన స్టూలు మీద కూలబడింది. ఆయన చొక్కా లోపలి జేబులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అందులో చొక్కా గుండీ అంత బంగారు బిళ్ల.

"ఇది నౌరు అనే దేశందిమ్మా. ఆఖరుసారి ఓడ దిగేటప్పుడు మా కెప్టెన్ ఇచ్చినాడు. అరగ్రాము ఉంటాది" అన్నాడు సోమన్న.

"దేశానికి ఇంత చిన్న బిళ్లా?"

"దేశమే అంతమ్మా. మన కమలాపురం మండలంలో ఒక మూలకు సరిపోతాది. పొద్దున్నే నడక మొదలుపెడితే, మధ్యాన్నం సంగటి టయానికి దీవంతా చుట్టి బయల్దేరిన చోటికే వస్తావు."

"ఆడ ఏముంటాది?"

"ఎరువు. పక్షుల రెట్ట వేల ఏండ్లు పడి రాయి అయిపోయిందంట. దాన్ని తవ్వి తవ్వి అమ్ముకున్యారు. మా ఓడకు ఎత్తేది గుడక అదే. ఇప్పుడు నడిమధ్య అంతా గుంతలు, అంచు మీద జనాలు." సోమన్న వాకిట్లో ఖాళీగా పడున్న నీళ్ల పైపును చూస్తూ అన్నాడు: "మనకు ఈడ నీళ్లు లేవు, వాళ్లకు ఆడ నేల లేదు."

శ్రావణి మందుసీసాల మీద సన్నటి అక్షరాలు చదవడానికి వాడే భూతద్దం తెచ్చి బిళ్లను చూసింది. తన చిటికెన వేలి గోరుకంటే కాస్త పెద్దది. దాని మీద తెరచాపలెత్తిన ఓడ. తెరచాపలకు తాళ్లున్నాయి. ఓడ కింద అలలున్నాయి. ఎవరో ఎక్కడో కూర్చుని ఇంత చిన్న చోట ఇంత సముద్రాన్ని ఎట్లా చెక్కారో ఆమెకు అర్థం కాలేదు. ట్యాంకరు వచ్చి హారను కొట్టేదాకా చూస్తూనే ఉంది.

తర్వాత సోమన్న వచ్చినప్పుడల్లా ఒకసారి ఆ డబ్బీ ఆమె చేతికిచ్చేవాడు. ఆమె చూసి తిరిగి ఇచ్చేది. వానాకాలం చివర్లో ఆయన చనిపోయాడు. కొడుకు వచ్చి కాగితాల మీద సంతకాలు చేసి వెళ్లాడు. నాణెం సంగతి అడగడం ఆమెకు బాగుండదనిపించింది. అట్లాంటి బిళ్ల తనకూ ఒకటి ఉంటే బాగుండుననిపించింది, అంతే.

వెతగ్గా వెతగ్గా బెంగుళూరులో బాలస్వామి అనే నాణేల వ్యాపారి ఫోన్ నంబరు దొరికింది. నౌరుది ఇప్పుడు లేదు, వచ్చినప్పుడు చెప్తాను, అందాకా టువాలుది ఉంది, చూస్తారా అని ఆయన ఫోటో పంపాడు. తాబేలు బొమ్మ. టువాలు ఎక్కడుందో ఆమె ఫోన్లో పటం తెరిచి వెతికింది. వేళ్లతో ఎంత పెద్దది చేసినా నీలమే కనిపించింది. చివరికెప్పుడో వెంట్రుక అంత నేల కనిపించింది. ఆమె ఆ తాబేలును కొంది. ఆ తర్వాత పలావు, సమోవా, కుక్ దీవులు, కిరిబాటి, సోలమన్ దీవులు. జీతం రాగానే ఏడాదికి మూడో నాలుగో. నౌరు ఓడ దొరికేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటికి అది ఒక్క సోమన్న కోసం చేస్తున్న పనిగా మిగల్లేదు.

ఈ నాణేలు ఆ దీవుల్లో తయారు కావని ఒకసారి బాలస్వామే ఫోన్లో చెప్పాడు. జర్మనీలోనో ఆస్ట్రేలియాలోనో ముద్రిస్తారు, దీవులవాళ్లు తమ దేశం పేరు వేసుకోవడానికి ఒప్పుకుంటారు, అందుకు ఏదో కొంత పుచ్చుకుంటారు. ఆ దీవుల్లో చాలామంది ఈ బిళ్లల్ని కళ్లతో చూసి కూడా ఉండరు. ఆ మాట శ్రావణి రెండు షిఫ్టుల పాటు మనసులో తిప్పుకుంది. బాధ కలగలేదు. అమ్ముకోవడానికి పేరు తప్ప ఏమీ మిగలని చోట పేరే అమ్ముకుంటారు. దానిలో తప్పేముంది అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆమెవి. అత్త వెంకటేశ్వరమ్మ టీవీ ముందు కునుకు తీసేది. కూతురు పులివెందులలో హాస్టల్లో ఉండి చదువుతోంది. శ్రావణి బీరువా తలుపు తీసి, జాకెట్టు గుడ్డల కింద నుంచి రేకు డబ్బా బయటికి తీసి, నాణేలన్నీ మంచం మీద పరిచేది. వారమంతా సూదులు, గొట్టాలు, రక్తం, గడువు తీరిన మనుషులు. ఆ గంటసేపు మాత్రం తిమింగలాలు, కొబ్బరిచెట్లు, రెక్కలు చాచిన పక్షులు. ఆ గంటలో ఆమె ఎవరికీ ఏమీ చెయ్యనవసరం లేదు.

భర్త భూపేష్ ఆ మధ్యాహ్నాల్లో చాలావరకు ఇంట్లో ఉండేవాడు కాడు. అతనిది కమలాపురం దగ్గర పొలమున్న కుటుంబం. పొలంలో ఏమీ రావడం లేదని ఇంకొకరితో కలిసి బోర్లు వేసే రిగ్గు లారీ కొన్నాడు. శ్రావణి పెళ్లినాటి గొలుసు ఆ లారీలోకే పోయింది. ఇస్తానని ముందుకొచ్చింది ఆమే. తాళిబొట్టు పసుపుతాడుకు గుచ్చుకుని మెడలో వేసుకుంది. అప్పటినుంచీ భూపేష్ ఎక్కడ బోరు పడితే అక్కడ. పదిరోజులకోసారి ఇంటికొస్తే ఒళ్లంతా రాతిపొడి, ఎర్రబడిన కళ్లు. తిన్నవాడు తిన్నచోటే ఒరిగిపోయేవాడు.

నాణేల గురించి ఆమె అతనికి చెప్పకుండా లేదు. ఒక ఆదివారం అతను ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ చేతికిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. మూడో నాణెం దగ్గర అతని తల గోడకు ఆనింది. నాలుగో నాణెం అతని వేళ్ల మధ్య నుంచి జారి పరుపు మీద పడింది. ఆమె దాన్ని తీసి డబ్బీలో పెట్టి, అతని తల కింద దిండు సర్దింది. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. అతనికి గుర్తున్నది ఒక్కటే: పెండ్లానికి చిన్నచిన్న బంగారు బిళ్లలు కొనిపెట్టుకునే అలవాటుంది, మంచిదే.

వెంకటేశ్వరమ్మకు మాత్రం అది మింగుడు పడేది కాదు. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. కోడలి షిఫ్టుకు తగ్గట్టు వండిపెట్టి, గిన్నె మీద మూత పెట్టి ఉంచేది. కానీ పెళ్లికో పేరంటానికో పోయి వచ్చిన ప్రతిసారీ అదే మాట.

"బీరువాలో బంగారు పెట్టుకోని మెడలో తాడేసుకోని తిరుగుతాండాది. చూసేవాళ్లు నా కొడుకును అనుకుంటారు గానీ ఈమెను అనుకుంటారా?"

శ్రావణి వినీ విననట్టు తన పని చూసుకునేది. డయాలిసిస్ వార్డులో మెడలో ఏమీ లేకపోవడమే సుఖం. వంగినప్పుడల్లా గొలుసు ముందుకు జారి గొట్టాలకు తగులుతుంది.

ఈ ఏడాది మాఘమాసంలో కమలాపురంలో భూపేష్ మేనమామ కొడుకు పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందురోజు శ్రావణి పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి భూపేష్ వచ్చి ఉన్నాడు. తలంటుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో రాతిపొడి లేదు.

"కండ్లు మూసుకో" అన్నాడు.

"కాళ్లు నొస్తాండాయి, ఏమప్పా నీతో."

"మూసుకోమ్మే, ఒక్క నిమిషం."

ఆమె మూసుకుంది. మెడ చుట్టూ చల్లగా ఏదో పడింది. కళ్లు తెరిచి అద్దంలో చూసుకుంటే గొలుసు. సన్నపనితో, కొత్తగా, మెరుస్తూ. ఒక్క క్షణం ఆమెకు నిజంగానే సంతోషమైంది. చెయ్యి పెట్టి తడిమింది. అతను ఆమె భుజం మీదుగా అద్దంలోకి చూస్తున్నాడు, పరీక్ష రాసి వచ్చినవాడిలాగా.

"యాడిదప్పా ఇది? ఎట్ల తెచ్చినావు?"

"నీ బంగారే. ఒకరిని అడిగింది కాదు, అప్పు జేసింది కాదు. మూలన పడిండేది నీ మెడలోకి వచ్చింది. ప్రొద్దుటూరులో మన హనుమేష్ ఆచారి చేసినాడు. సోమారం నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు తీసుకపోతి, మూడు దినాలు పట్టింది."

ఆమె వెంటనే బీరువా దగ్గరికి పోలేదు. తర్వాత వెళ్లి జాకెట్టు గుడ్డలు పక్కకు తోసి రేకు డబ్బా తీసింది. ప్లాస్టిక్ డబ్బీలన్నీ అందులోనే ఉన్నాయి. మూతలు బిగించి, వరసగా పేర్చి ఉన్నాయి. వాటి కాగితాలు మడతపెట్టి పక్కన ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

"ఆచారి పారేస్తాంటే నేనే అడిగి తెచ్చినా. మల్ల ఎప్పుడన్నా కొంటే పనికొస్తాయని" అన్నాడు భూపేష్ వెనకనుంచి. ఆమె పక్కకు వచ్చి అడిగాడు: "బాగలేదా?"

"బాగుండాది."

"మోడలు మార్చమంటే మారుస్తాడు."

"వద్దప్పా. బాగుండాది."

ముఖం కడుక్కొస్తానని ఆమె బాత్రూములోకి పోయింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. షిఫ్టు దిగినప్పుడు కాళ్లలో ఉండే బరువు ఇప్పుడు మెడలోకి కూడా ఎక్కింది. బకెట్లో నీళ్లు అడుగంటి ఉన్నాయి. చెంబు ముంచి, ఉన్నవాటితోనే ముఖం కడుక్కుని బయటికి వచ్చింది.

పెళ్లిలో గొలుసును అందరూ చూశారు. చుట్టాల ఆడవాళ్లు దగ్గరికొచ్చి, చేతిలోకి తీసుకుని, పని బాగుందన్నారు. వెంకటేశ్వరమ్మ కోడలిని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎవరూ అడక్కుండానే "మావాడు చేపిచ్చినాడు" అని చెప్పింది. భోజనాల దగ్గర భూపేష్ తన వయసువాళ్లతో నిలబడి ఏదో చెప్పి పెద్దగా నవ్వుతున్నాడు. అతను అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో శ్రావణి గుర్తుచేసుకోబోయింది, గుర్తురాలేదు. ఆ నవ్వును చూసినాక ఆ రోజుకు ఏమీ అనబుద్ధి కాలేదు. మరుసటి రోజు అతను రిగ్గు మీదికి వెళ్లిపోయాడు. ఆమె డ్యూటీకి వెళ్లింది.

కానీ మనసు ఊరుకోలేదు. ఒక్కటైనా మిగిలి ఉండొచ్చు. ఆచారి దగ్గర ఏ మూలనో, ఏ పళ్లెంలోనో. కరిగించేవాడికి ఒక్కసారైనా చెయ్యి ఆగి ఉండొచ్చు. వారపు సెలవు రోజున ఆమె ఎవరికీ చెప్పకుండా ప్రొద్దుటూరు బస్సెక్కింది.

హనుమేష్ ఆచారి అంగడి బంగారు దుకాణాల వీధిలో వెనక సందులో ఉంది. కొలిమి పక్కన కూర్చుని ఏదో అతుకుపెడుతున్నవాడు ఆమెను చూసి, గొలుసును చూసి, ముందు భయపడ్డాడు.

"ఏమక్కా, కొండీ ఏమన్నా వదులైందా?"

"లేదన్నా. గొలుసు బాగుండాది. ఆ బిళ్లలు ఉన్యాయి కదా, వాటిలో ఏమన్నా మిగిలినాయేమో అని అడిగిపోదామని వచ్చినా."

ఆచారి చేతిలో ఊదుగొట్టం కింద పెట్టాడు. "అన్నీ ఒకేసారి కరగబెట్టినామక్కా. అవి మేలిమి. వాటితోనే గొలుసు జేస్తే నిలబడదు, రాగి కలపాల. నేను అన్నను అడిగినా. బొమ్మలుండాయి, కరగబెట్టమంటావా అని. బొమ్మలేం జేసుకుంటామప్పా, మెడలోకి కావాల అన్యాడు." ఆమె ముఖంలోకి చూసి గొంతు తగ్గించాడు. "నీకు తెలీదా అక్కా?"

"తెలుసులే."

ఆచారి అరుగు మీది పనిముట్ల పెట్టె పక్కకు జరిపి ఆమెకు చోటు చూపించాడు. కూర్చుంది. మంచినీళ్లు ఇస్తే తాగింది. పోయే ముందు అతనే అన్నాడు.

"తులానికి రొంత తక్కువొచ్చింది. తక్కువతోనే జేస్తానంటే అన్న ఒప్పుకోలా. ఏలికుండే ఉంగరం తీసి ఇచ్చినాడు. నీకు జెప్పొద్దన్యాడు. నేను జెప్పినట్టు అనొద్దక్కా."

అది తమ పెళ్లినాటి ఉంగరం. కమలాపురం పెళ్లికి ముందురోజు తన మెడలో గొలుసు వేసిన చేతిని ఆమె అద్దంలో చూసే ఉంది. ఆ పెళ్లిలో ఆకువక్క అందిస్తున్నప్పుడూ చూసే ఉంది. ఆ వేలు ఖాళీగా ఉందని ఆమెకు కనిపించలేదు. సందు దాటి రోడ్డు మీదికి వచ్చి, ఎండలో నిలబడి, భూపేష్‌కు ఫోన్ చేసింది.

"యాడుండావు?"

"తుమ్మలపల్లె గని దాటినాక లోపల ఒక తోట. ఏమైంది? అమ్మకేమన్నా..."

"అమ్మకేం లేదు. నేనే వస్తాండా."

పులివెందుల బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటోలో లోపలికి పోయేసరికి పొద్దు వాలుతోంది. చీనీ తోట. బత్తాయి చెట్లు ఉన్నాయి గానీ ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. నడుమ రిగ్గు లారీ నిలబడి ఉంది. చుట్టూ చెట్ల మీద, మట్టి మీద, మనుషుల మీద బూడిదరంగు పొడి. మిషను ఆగి ఉంది. లోపల రాడ్లు ఇరుక్కున్నాయట, పనివాళ్లు సుత్తులతో బిగింపు వదులు చేస్తున్నారు. తోట యజమాని తిమ్మన్న బోరు గుంత పక్కనే గొంతుకూర్చుని, పైకి వచ్చిన పొడిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూస్తున్నాడు, తడి ఏమన్నా తగుల్తుందేమోనని. అతని భార్య రామలక్ష్మమ్మ శ్రావణిని చూసి లేచి, "కూచోమ్మా, మజ్జిగ తెస్తా" అంటూ తోటలోని కొట్టం వైపు పోయింది.

భూపేష్ కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. "ఏమైంది శ్రావణీ, ఇంత దూరం?"

"ఉంగరం యాడప్పా?"

అతను చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "పనిలో అడ్డమొస్తాందని తీసి పెట్టినా."

"ప్రొద్దుటూరు నుంచి వస్తాండా."

"ఆచారి జెప్పినాడా? ఒక ఉంగరానికి ఏముందిలే. నువ్వు ప్రొద్దుటూరు ఏమిటికి పోతివి? గొలుసు తెగిందా?"

"తెగలా. నా బిళ్లలు ఏమన్నా మిగిలినాయేమో చూద్దామని పోతి."

భూపేష్ పేర్చి ఉన్న రాడ్ల మీద కూర్చున్నాడు. "అవి బంగారే కదా శ్రావణీ."

"బంగారే."

"మల్ల?"

"అవి నేను చూసుకునేదానికి పెట్టుకున్యా. ఏసుకునేదానికి కాదు."

పనివాళ్ల సుత్తుల చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. అతను నేలవైపు చూస్తూ అన్నాడు: "నాకు జెప్పింటే ఎందుకు ముట్టుకుందును?"

"జెప్తి. నిద్రపోతివి."

"లేపాల్సింది."

"ఎట్ల లేపుదును? పది దినాలకు ఒకసారి పడుకునే మనిషిని."

"నీ మెడలో తాడు చూసినప్పుడల్లా ఈ రిగ్గు మోత నా చెవుల్లో ఇనపడ్తాండె. పెండ్లికి పోయేలోపల ఆ తాడు తీపిచ్చాలనుకున్యా. అంతకంటే ఏం ఆలోచన జెయ్యలా." అతను తలెత్తి ఆమెను చూశాడు. "తిట్టు. తిట్టి పో."

"ఓపిక లేదప్పా" అంది శ్రావణి. అబద్ధం కాదు. బస్సులో వస్తున్నంతసేపూ అనాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అతని కనుబొమల మీద పొడి చూసినాక వాటిలో ఒక్కటీ నోటిదాకా రాలేదు. ఆమె కూడా వెళ్లి రాడ్ల మీద అతని పక్కన కూర్చుంది. రామలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, తన మొగుడి దగ్గరికి పోయింది.

"అవి మల్ల దొరకవా?" అన్నాడు భూపేష్.

"కొన్ని దొరుకుతాయి, కొన్ని దొరకవు. ఇప్పుడుండే ధరకు ఎవరు కొంటారు? వదిలెయ్."

"ఈ రాడ్లు వచ్చేదానికి రొంతసేపు పడ్తాది." అతను మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "చెప్పు. ఏమేమి ఉన్యాయి వాటి మీద?"

"ఇప్పుడా?"

"ఇప్పుడు నిద్రపోనులే."

ఆమె మొదట చెప్పాలనుకోలేదు. పోయినవాటి గురించి చెప్పడం దేనికనిపించింది. అయినా సోమన్న దగ్గర మొదలుపెట్టింది. ఎరువు కోసం తవ్వేసిన నౌరు గురించి చెప్పింది. టువాలు తాబేలు గురించి, దాని వెనకవైపు ఉండే ఇంగ్లాండు రాణి బొమ్మ గురించి, పటంలో ఆ దేశం వెంట్రుక అంత ఉండడం గురించి చెప్పింది. ఒక దీవిలో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సముద్రం, నడుమ ఒక్క రోడ్డు. అలలు పెద్దవైతే రోడ్డు మీదికి వస్తాయి. భూపేష్ తల దించుకుని వింటున్నాడు. వింటున్నాడో, అలసటకు అట్లా కూర్చున్నాడో ఆమెకు తెలియలేదు. ఉన్నట్టుండి అడిగాడు.

"ఆడ తాగేదానికి నీళ్లు ఎట్ల? బోర్లేస్తారా?"

శ్రావణి ఆ సంగతి ఎప్పుడో చదివింది. "లోతుకు వెయ్యరంట. వాన నీళ్లు ఇసకలోకి ఇంకి, కింద ఉండే ఉప్పు నీళ్ల మీద తేలుతాంటాయంట, పల్చగా. మంచినీళ్లు తేలిక కదా. రొంత తవ్వితే మంచినీళ్లు. ఇంకొంచెం లోతుకు పోతే ఉప్పు."

భూపేష్ ఆమె వైపు తిరిగాడు. "పైన్నే ఉంటాయా?"

"పైన్నే. మనిషి లోతు. అంతే."

"లోతుకు పోతే చెడిపోతాది." అతను ఆ మాటను తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు. ఈ జిల్లాలో అతను తొమ్మిదివందలు, వెయ్యి అడుగులు పోయిన మనిషి. "అట్లాంటి చోట నా మాదిరోనికి పనే ఉండదు" అన్నాడు.

ఆమెకు నవ్వు వచ్చేదే, రాలేదు. ఇంతలో పనివాళ్లు కేక వేశారు. రాడ్లు కదిలాయి. భూపేష్ లేచి లుంగీ బిగించుకుని పోయాడు. మిషను మోత మళ్లీ మొదలైంది. పొడి లేచింది. శ్రావణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగింది. కాసేపటికి మోత ఆగింది. భూపేష్ తిమ్మన్న పక్కన గొంతుకూర్చుని ఏదో నెమ్మదిగా చెబుతున్నాడు. తిమ్మన్న ఇంకొంచెం పోదామంటున్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. భూపేష్ తల అడ్డంగా ఊపి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. రామలక్ష్మమ్మ అక్కణ్నుంచి లేచి, చెట్ల మధ్య నుంచి కొట్టం వైపు నడిచిపోయింది. వెనక్కి చూడలేదు. ఆమె ఇచ్చిన గ్లాసులు రెండూ శ్రావణి తీసుకెళ్లి, కొట్టం గుమ్మంలో బోర్లించి పెట్టింది.

రోడ్డు దాకా భూపేష్ బండి మీద దింపాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

"అమ్మకు జెప్పొద్దు, నేను ఏడుస్తా ఇంత దూరం వచ్చినానని" అంది శ్రావణి.

"నువ్వు ఏడ్చలేదు కదా."

"ఏమో, ఆమె అట్లనే అనుకుంటాది."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. పొద్దున్నే మొదటి షిఫ్టు. కడప చేరేలోపల నిద్రపోయి, డిపోలో కండక్టరు లేపితే లేచింది.

ఆ తర్వాత ఆమె మళ్లీ నాణేలు కొనలేదు. బంగారం ధర రోజురోజుకూ పైకి పోతోంది, కొనాలన్నా కుదరదు. బాలస్వామి అప్పుడప్పుడు కొత్త ఫోటోలు పంపుతూనే ఉన్నాడు. నియూ దీవిది ఒకటి, ఫిజీది ఒకటి. ఆమె చూసి, బాగున్నాయని జవాబిస్తుంది. గొలుసు పెళ్లిళ్లకు వేసుకుంటుంది. వార్డుకు పోయేటప్పుడు తీసేసి అత్త చేతికిస్తుంది. వెంకటేశ్వరమ్మ దాన్ని తన పెట్టెలో దాచి, సాయంత్రం అడిగినా అడక్కపోయినా తెచ్చి ఇస్తుంది. కోడలి ముఖం చూసి ఏదో జరిగిందని ఆమెకు అర్థమైనట్టే ఉంది. మెడలో తాడు గురించి మళ్లీ ఎత్తలేదు.

భూపేష్ ఇప్పుడు బళ్లారి వైపు తిరుగుతున్నాడు. అక్కడ పనుందట. సాయంకాలం పని ఆపినాక కొన్నిసార్లు ఫోన్ చేస్తాడు. తిన్నావా, అమ్మ ఎట్లుంది, పాప ఫోన్ చేసిందా అని అన్నీ అడిగినాక, ఇంక పెట్టేస్తాడనుకునే సమయానికి ఇంకొకటి అడుగుతాడు.

"ఆ దీవుల్లో ఎండలు మన మాదిరేనా?"

"ఆ రాణి బొమ్మ అన్నావే, ఆమె ఎప్పుడన్నా ఆడికి పోయిందా?"

ఓపికుంటే శ్రావణి చెబుతుంది. తెలియకపోతే చూసి చెప్తానంటుంది. ఓపిక లేని రోజు "రేపు అడుగప్పా" అంటుంది. అతను సరేనంటాడు. మరుసటి రోజు అడుగుతాడు, ఒక్కోసారి మర్చిపోతాడు.